గొర్రెల్లో ఒత్తిడి కొలిచేందుకు నమూనాలు తీసే ముందు

వరంగల్ దగ్గరి మామునూరు చుట్టుపక్కల మందల్లో పని ఎండెక్కకముందే ముగించాలి. వగరుస్తున్న గొర్రె శ్వాస లెక్క పనికిరాదు.

– పట్టుకోకముందే, దూరం నుంచి డొక్క కదలికలు చూసి నిమిషానికి ఎన్ని శ్వాసలో రాసుకోండి.

– ఒంటరి గొర్రె బెదురుతుంది. పక్కన మరో రెండు కనిపించాలి. బొచ్చు పట్టి లాగొద్దు. పట్టుకునే పని కాపరికే వదిలేయండి, ఆయన చేయి దానికి అలవాటు.

– కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్) కోసమైతే పట్టుకున్న 3 నిమిషాల్లోపే రక్తం తీయాలి. ఆలస్యమైతే మనం పెట్టిన టెన్షనే అంకెలో కలుస్తుంది. సూదులు, పేర్లు రాసిన ట్యూబులు ముందే చేతికందేలా ఉంచండి.

– అసలు రక్తం అవసరమా? తాజా పెంటికల్లోనూ కొన్ని గంటల కిందటి ఒత్తిడి ఆనవాళ్లు దొరుకుతాయి, గొర్రెను ముట్టక్కర్లేదు. ఏ గొర్రెవో చూసి ఏరండి, వెంటనే ఐస్ డబ్బాలో పెట్టండి.

– ఎథిక్స్ కమిటీ అనుమతి, యజమాని ఒప్పుకోలు ముందే తీసుకోండి.