కాకాపో పిల్ల సిగ్నల్ తేడాగా ఉంటే: సమస్య - పరిష్కారం

న్యూజిలాండ్‌లోని కాకాపో ఎగరలేని చిలుక, రాత్రిపూట తిరిగే పక్షి. 1995లో మిగిలినవి 51. అందుకే గూడు విడిచే ముందే పిల్లల వీపుకు పట్టీతో రేడియో ట్రాన్స్‌మిటర్ కడతారు.

సిగ్నల్ అసలు వినబడడం లేదు

పిల్ల చనిపోయిందని వెంటనే బెంగపడకండి. ముందు మీ రిసీవర్‌లో ఆ పక్షి ఫ్రీక్వెన్సీయే ఉందా, యాంటెన్నా తీగ గట్టిగా బిగిసిందా చూడండి. రెండూ సరిగానే ఉంటే అడ్డు కొండదే కావచ్చు. గట్టు మీదికి ఎక్కి యాంటెన్నాను మెల్లగా చుట్టూ తిప్పండి. గూడు విడిచాక కూడా పిల్లకు నెలల తరబడి తల్లే మేత పెడుతుంది కనుక తల్లి సిగ్నల్ వచ్చే వైపు మొదట వెతకడం మేలు. అక్కడా లేకపోతే బ్యాటరీ గడువు చూడాలి.

సిగ్నల్ అన్ని వైపుల నుంచీ వస్తోంది

రాతి గోడలకు తగిలి తరంగాలు వెనక్కి మళ్లుతున్నాయి. రిసీవర్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచి వినిపించే మోతాదు) తగ్గించి, దూరదూరంగా ఉన్న మూడు చోట్ల నుంచి దిశ తీసుకుని, మ్యాపు మీద గీసి, గీతలు కలిసే చోటికి నడవండి.

సిగ్నల్ కదలడం లేదు

పగటిపూట ఇది సహజం, పక్షి నిద్రలో ఉంటుంది. రాత్రి కూడా చాలాసేపు అదే చోట ఉంటే మాత్రం తెల్లవారే దాకా ఆగకండి. పట్టీ జారి పడి ఉండవచ్చు, పిల్లకు జబ్బు చేసి ఉండవచ్చు. 2019లో వేనువా హో దీవిలో ఊపిరితిత్తులకు బూజు సోకి కొన్ని కాకాపోలు చనిపోయాయి. ఇలాంటి జబ్బులో చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత ఆశ.

సిగ్నల్ బాగానే ఉంది, పిల్ల బరువు పెరగడం లేదు

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే, ఎందుకంటే రిసీవర్ దీన్ని చెప్పదు. పిల్ల ఎదుగుతున్నా పట్టీ ఎదగదు. బిగుతైన పట్టీ రెక్క మొదలు దగ్గర ఒరుసుకుంటుంది. పక్షిని చేతిలోకి తీసుకుని ఈకలు పక్కకు ఒత్తి చూడండి. చర్మం ఎర్రబడినా, ఈకలు అరిగిపోయినా పట్టీ వదులు చేయాలి. పుండు పడితే ట్రాన్స్‌మిటర్ తీసేసి పశువైద్యుడికి చూపించాలి. కొన్నాళ్లు జాడ తెలియకపోయినా ఫర్వాలేదు, ఆ గాయం మానాలి. బాగానే ఉందనిపించినా ఎదిగే వయసులో తరచూ పట్టి చూస్తూ, ప్రతిసారీ బరువుతో పాటు పట్టీ ఎంత వదులు చేశారో కూడా రాసి పెట్టండి.