బ్రేక్ ప్యాడ్లు కొనే ముందు కాలిపర్‌ను చూడండి
ఇంట్లోనే వెనుక బ్రేక్ ప్యాడ్లు మార్చుకోదలచినవారు ముందుగా కాలిపర్‌ను, అంటే చక్రంతో పాటు తిరిగే లోహపు డిస్కుకు ప్యాడ్లను అదిమే భాగాన్ని పరిశీలించాలి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ నేరుగా దానికే తగిలించి ఉంటే, చాలా కార్లలో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను సి-క్లాంపుతో (మర తిప్పి బిగించే పట్టుతో) నొక్కకూడదు, తిప్పుతూ లోపలికి పంపే ప్రత్యేక సాధనం కావాలి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ అయితే దాన్ని మరమ్మతు కోసం వదులు చేసే సర్వీస్ మోడ్‌లో పెట్టడం తప్పనిసరి. ప్యాడ్లను ఒకే ఇరుసుకు రెండు వైపులా కలిపి మార్చాలి. డిస్కు మందం దానిపై చెక్కిన కనీస కొలత కంటే తగ్గితే డిస్కులనూ కొనాలి. కాలిపర్ అటూ ఇటూ జరిగేందుకు ఉండే స్లయిడ్ పిన్నులకు పెట్రోలియం గ్రీజు వాడితే రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుపోతుంది కనుక, బ్రేకుల కోసం తయారైన సిలికాన్ గ్రీజునే ఎంచుకోవడం మేలు. ఖర్చు ఎక్కడ తగ్గించుకున్నా, ఎత్తిన కారును నిలిపి ఉంచే జాకీ స్టాండ్లు, బోల్టులను నిర్ణీత బలంతో బిగించే టార్క్ రెంచి విషయంలో మాత్రం దయచేసి రాజీ పడకండి. జాకీ ఒక్కదానిపై నిలిపిన కారు జారితే ప్రాణాపాయం.