చేతిలో పట్టుకుంటే నేల తెలుస్తుంది

మాది దేవరకొండ దగ్గర చల్క, అంటే ఎర్రటి తేలిక నేల. అవతలి గెట్టు దాటితే రేగడి, అంటే నల్ల నేల. రెండింటికీ ఒకే రకంగా నీళ్లు పెట్టి ఒక ఏడాది పత్తి పాడు చేసుకున్నాను. అందుకే చెప్తున్నా, విత్తనం కొనే ముందు మట్టిని చూడండి.

పైన చెత్త తీసేసి జానెడు లోతు తవ్వండి. పిడికెడు మట్టిలో రాళ్లు ఏరేసి, నీళ్లు చిలకరిస్తూ చపాతి పిండిలా పిసకండి. తర్వాత బొటనవేలితో చూపుడువేలి మీదుగా పట్టీలా ముందుకు నొక్కండి. పట్టీ అసలు రాకుండా గరగరలాడితే ఇసుక ఎక్కువున్న దుబ్బ. అంగుళం లోపే తెగితే చల్కలాంటి తేలిక నేల. రెండంగుళాలు దాటి సాగితే రేగడిలాంటి బంకమట్టి. రేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. నీళ్లు చాలా రోజులు పట్టి ఉంచుతుంది. చల్కకు ఆ ఓపిక లేదు, కొంచెం కొంచెంగా తరచూ తడపాలి. దాని ఎరుపు ఇనుము తుప్పు వల్ల వచ్చింది.

రంగు ఒక్కటే చూసి మోసపోకండి, పట్టీయే నమ్మండి. ఎండాక పైన తెల్లగా ఉప్పు పేరుకుంటే చౌడు కావచ్చు. అది చేతికి తెలిసేది కాదు, మట్టి పరీక్షకు ఇవ్వాల్సిందే.