వెటరన్ రిలీఫ్ పిచర్‌ను ఫాంటసీ జట్టులోకి తీసుకునే ముందు

ఫాంటసీ బేస్‌బాల్‌లో (నిజమైన ఆటగాళ్ల గణాంకాలతో పాయింట్లు వచ్చే ఊహాజట్టు ఆటలో) సీనియర్ రిలీఫ్ పిచర్‌ను, అంటే మొదటి పిచర్ తరువాత వచ్చి బంతులు విసిరే ఆటగాడిని, ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసినది అతని పేరు కాదు, చివరి ఇన్నింగ్స్‌లో ఆధిక్యాన్ని కాపాడే బాధ్యతను జట్టు అతనికే అప్పగించిందా అన్నది. అమెరికన్ రిలీఫ్ పిచర్ డేవిడ్ రాబర్ట్‌సన్‌నే తీసుకోండి. యాంకీస్ జట్టులో ఆ బాధ్యత మోసిన మరియానో రివేరా విరమించాక, 2014లో అదే జట్టు తరఫున 39 సేవ్‌లు (చివర్లో ఆధిక్యాన్ని కాపాడి గెలిపించినందుకు దక్కేవి) సాధించిన ఇతడు, 2024లో రేంజర్స్ జట్టుకు 72 ఇన్నింగ్స్‌లో 99 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) అందించినా, క్లోజర్ (చివరి ఇన్నింగ్స్ బాధ్యత మోసే పిచర్) స్థానం కర్బీ యేట్స్‌ది కావడంతో రెండే సేవ్‌లు దక్కాయి. కాబట్టి మీ లీగ్ హోల్డ్‌లకూ (క్లోజర్ రాకముందు ఆధిక్యాన్ని నిలిపినందుకు దక్కేవి) పాయింట్లు ఇస్తుందో లేదో ముందే నిర్ధారించుకోండి.

తరువాత గాయాల చరిత్ర చూడండి. 2019లో మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స (తెగిన స్నాయువును మార్చే ఆపరేషన్) జరగడంతో రాబర్ట్‌సన్ 2020 సీజన్ మొత్తాన్నీ కోల్పోయాడు. ఇలాంటి గాయమైతే కోలుకోవడానికి ఏడాదికి పైగా పట్టవచ్చు గనుక ఆ ఆటగాడిని వదిలేయడమే మేలు. పిక్క కండరం పట్టేయడం వంటి చిన్న గాయమైతే గాయపడినవారి జాబితాలో ఉంచి వేచి చూడవచ్చు. (2022 ప్లేఆఫ్స్‌లో అతనికి అదే జరిగింది, అదీ సహచరుడి హోమ్ రన్‌కు సంబరంతో గెంతినప్పుడు!)

జూలైలో మాత్రం మరింత అప్రమత్తంగా ఉండాలి. బలహీన జట్లు అనుభవజ్ఞులైన క్లోజర్లను అమ్ముకునేది అప్పుడే. 2023లో మెట్స్ జట్టు రాబర్ట్‌సన్‌ను మార్లిన్స్ జట్టుకు పంపింది. అటువంటి జట్టులో క్లోజర్ వెళ్లిపోతే ఆ స్థానంలోకి వచ్చేదెవరో ముందే గుర్తించి పెట్టుకోండి.