తుఫాన్లు రాకముందే మేడ మీద సోలార్ ఒకసారి చూస్కోండి (స్పేస్ స్టేషన్ వాళ్లు చూస్కున్నట్టు)

దసరా దగ్గరపడిందంటే మన వైజాగ్‌లో అందరికీ ఒక కన్ను సముద్రం మీదే ఉంటుంది కదండీ, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసినవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. అప్పుడు మేడల మీద వాటర్ ట్యాంకులు, డిష్‌లు ఉండేవి, ఇప్పుడు పీఎం సూర్య ఘర్ వచ్చాక ఏ వీధిలో చూసినా సోలార్ ప్యానెళ్లు. నేను ఇవి బిగించే పనిలోనే ఉన్నాను, ఈ టైంలో ఫోన్ చేసేవాళ్లంతా "గాలికి ఎగిరిపోతాయా అండీ" అనే అడుగుతారు. అదీ అడగాల్సిందే గానీ నాకు అంతకన్నా భయం కరెంటు గురించి.

ఎందుకంటే ప్యానెల్‌కి స్విచ్ ఉండదు. ఎండ పడినంతసేపు అది కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది, మీరు కింద ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) ఆపినా, మెయిన్ దించినా, పైన వైర్లలో వోల్టేజీ అలాగే ఉంటుంది. ఈ మాట చెప్తే చాలామంది నమ్మరు, అందుకే వాళ్లకి భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ స్పేస్ స్టేషన్ సంగతి చెప్తాను. 1998లో జర్యా అనే మాడ్యూల్‌తో మొదలుపెట్టి ఒక్కొక్క ముక్కా పైకి తీసుకెళ్లి కలుపుకుంటూ కట్టారు కదా, అందులో సోలార్ రెక్కలున్న పీ6 అనే భాగాన్ని 2000లో తాత్కాలికంగా ఒకచోట పెట్టి, 2007లో తీసి అసలు చోట బిగించారు. మడిచిన సోలార్ రెక్క మళ్లీ విప్పుతుంటే వైరు చిక్కుకుని రెక్క చిరిగింది. అందులో కరెంటు ఆపే దారి లేదు, 100 వోల్టులకి పైనే ఉంది. స్కాట్ పరజిన్‌స్కీ పొడవాటి బూమ్ (చెయ్యిలాంటి కడ్డీ) చివర నిలబడి దాన్ని కుట్టినట్టు బాగుచేశాడు, వెళ్లేముందు ఆయన పనిముట్ల మీద లోహం కనపడకుండా ఇన్సులేషన్ టేప్ చుట్టారు. డాక్టరు, అనుభవం ఉన్న ఆస్ట్రోనాట్, అయినా అంత జాగ్రత్త. 2021లో కొత్త రెక్కలు బిగించినప్పుడైతే కనెక్టర్లు కలపడానికి స్టేషన్ భూమి నీడలోకి వెళ్లేదాకా ఆగి అప్పుడు కలిపారు.

మన మేడ మీద 3 కిలోవాట్ల సిస్టమ్‌లో ఆరు ప్యానెళ్లు వరసగా కలిపితే దాదాపు 300 వోల్టులు, అదీ డీసీ, అంటే ఎప్పుడూ ఒకే దిశలో పారే కరెంటు. ఇంట్లో వాడే ఏసీ కరెంటు (దిశ మారుతూ పారేది) స్పార్క్ వస్తే చాలాసార్లు దానంతటదే తెగుతుంది, డీసీ ఆర్క్ (ఆగకుండా మండే స్పార్క్) అలా తెగదు, లాగినకొద్దీ సాగి మండుతుంది. అందుకే కరెంటు పారుతుండగా ప్యానెల్ కనెక్టర్ ఊడబీకొద్దు, ఎవరు చెప్పినా ఊడబీకొద్దు. ముందు ఏసీ బ్రేకర్, తర్వాత డీసీ స్విచ్, ఆ తర్వాతే ఏదైనా. పైన వైరు పని ఉంటే ప్యానెళ్ల మీద వెలుగు చొరబడని మందం గుడ్డ కప్పి చెయ్యమనండి, సాయంత్రమైంది కదా అని వదిలెయ్యకండి, వెలుగు తగ్గినా వోల్టేజీ అంత తొందరగా పోదు.

ఇప్పుడు సీజన్ ముందే చూడాల్సింది కనెక్టర్లు. మొన్న బీచ్ దగ్గర ఒక ఇంట్లో ఒక జాయింట్ విప్పాను, బయటికి బాగానే ఉంది, టేప్ కూడా చుట్టి ఉంది, లోపల రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, వేలితో నలిపితే పొడిగా రాలాయి. ఉప్పుగాలి, తేమ. ఆ టేప్ బిగించినవాడు నీళ్లు ఆపాననుకున్నాడు గానీ లోపలికెళ్లిన తేమని బయటికి రాకుండా ఆపాడు. స్పేస్ స్టేషన్లో కూడా 2007 జూన్‌లో రష్యా వాళ్ల భాగంలో ముఖ్యమైన కంప్యూటర్లు ఆగిపోయాయి, చివరికి తేలిందేంటంటే తేమ చేరి కనెక్టర్లు తుప్పు పట్టడం. అంత ఖరీదైనదానికే తప్పలేదు. కాబట్టి మాసిన, లూజుగా ఉన్న కనెక్టర్ మార్పించెయ్యండి, ఒకే కంపెనీ జత వాడమనండి, వైర్లు మేడ మీద నీళ్లు నిలిచేచోట పడుండకుండా స్ట్రక్చర్‌కి (ప్యానెళ్లు బిగించిన ఫ్రేముకి) కట్టించండి. ఎర్తింగ్ కూడా చూపించుకోండి.

బోల్టుల సంగతి చిన్నదే, తుప్పు పట్టినవి మార్చి అన్నీ మళ్లీ బిగించడం. పిట్టగోడ దగ్గర వదులుగా ఉన్న రేకులు, కుండీలు తీసెయ్యండి, ప్యానెల్ పగిలేది ఎక్కువగా వాటి వల్లే. టార్పాలిన్ కట్టొద్దు, గాలికి తెరచాపలా లాగి స్ట్రక్చర్‌నే పీకేస్తుంది.

ఇంకోటి, లైన్ కరెంటు పోతే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (వీధి లైన్‌కి కలిపి నడిచేది) దానంతటదే ఆగిపోతుంది. అది పాడవ్వడం కాదు, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ అన్నకి మన ఇంటి కరెంటు తగలకూడదని అలా పెట్టారు. దాన్ని మాయచేసి నడిపించే ఐడియాలు ఎవరన్నా చెప్తే వినకండి, జనరేటర్ వైరు ప్లగ్ పాయింట్‌లో పెట్టడం కూడా అంతే ప్రమాదం. బ్యాటరీ ఉన్నవాళ్లు మాత్రం ఇప్పుడే కాగితం మీద రాసుకోండి, ముందు ఏది నడవాలి, ఏది ఆపాలి అని. స్టేషన్ సుమారు 90 నిమిషాలకోసారి తిరుగుతూ అందులో 35 నిమిషాల దాకా చీకట్లో ఉండి బ్యాటరీల మీదే బతుకుతుంది, 2010లో కూలింగ్ పంపు పోతే అత్యవసరం కాని సామాన్లు ఆపేసుకున్నారు. మనకి రెండ్రోజులు ముసురు పడితే ఎండ ఉండదు కాబట్టి ఫోన్లు, రెండు లైట్లు, ఒక ఫ్యాన్, పెద్దవాళ్ల మందుల ఫ్రిజ్ ఉంటే అది, మోటార్ మాత్రం వద్దు.

తుఫాను పోయాక మేడెక్కే ముందు చెప్పులు, చేతులు పొడిగా ఉన్నాయో చూస్కోండి. ప్యానెల్ పగిలిందనో, కింద పడిందనో దాన్ని ఎత్తబోకండి, పగిలిన అద్దం కింద కూడా కరెంటు ఉంటుంది, పిల్లల్ని అసలు రానివ్వొద్దు. కింద ఏసీ బ్రేకర్, డీసీ స్విచ్ దించేసి, మేడ తలుపుకి తాళమేసి, బిగించినవాళ్లకి ఫోన్ చెయ్యండి. వీధిలో లైన్ వైరు తెగి ఉంటే కరెంటు వాళ్ల నంబరు 1912కి.