లెక్క మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

లెక్కను రెండుసార్లు చదవండి. ఇచ్చినవి ఒక వరుసలో, కనుక్కోవాల్సింది దాని కింద రాసుకోండి. దీనికి అర నిమిషం చాలు.

యూనిట్లు కలుస్తున్నాయా? మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. కారు గంటకు 79 కిలోమీటర్ల వేగంతో చుట్టి వస్తే 2 గంటలు, ఇబ్బందేమీ లేదు. అదే వేగాన్ని సెకనుకు మీటర్లలో అడిగితే 5/18తో గుణించాలి, సుమారు 21.9 వస్తుంది. తిరగేసి 18/5 వేస్తే 284.4! ఆ వేగంతో వెళ్లేది కారు కాదు, శంషాబాద్‌లో ఎగిరిన విమానం.

మార్కులు ఎక్కువగా పోయేది గుర్తుల దగ్గరే. 20 − 3(4 − 9) చూడండి. బ్రాకెట్ బయటున్నది 3 కాదు, −3. అది లోపలి రెండింటినీ గుణించాలి: 20 − 12 + 27 = 35. రెండో పదానికి గుర్తు మార్చడం మరిచిపోతే −19 వస్తుంది. అనుమానముంటే బ్రాకెట్ లోపలిది ముందు తేల్చండి: 20 − 3 × (−5) = 20 + 15. రెండు దారుల్లోనూ ఒకే జవాబు రావాలి.

ఒక్కో వరుసలో ఒక్క మార్పే చేయండి. 3 + 5 = 8 × 2 = 16 అని గొలుసు కట్టొద్దు; 8, 16 సమానం కావు.

సమీకరణాన్ని తెలియని రాశితో భాగించొద్దు. దాని విలువ సున్నా అయ్యే వీలుంటే ఒక మూలం, అంటే ఒక జవాబు, మాయమవుతుంది. దశాంశాలను చివర్లోనే సవరించండి (రౌండ్ చేయండి). వృత్తం లెక్కలో వ్యాసార్థం 7 గుణిజమైతే π విలువగా 22/7 హాయి.

రఫ్ పని పేజీ కుడి అంచున, కొట్టివేత ఒక్క గీతతో.