డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దలకు కొత్త మందు మొదలుపెట్టే ముందు

డాక్టరు చీటీ మార్చిన రోజునే, మొదటి మాత్ర వేయకముందే వీటిని చూసుకోవాలి.

• రాత్రిళ్లు అరుస్తున్నారనో, కొడుతున్నారనో రిస్పెరిడోన్, క్వెటియాపిన్, హాలోపెరిడాల్ వంటి మానసిక జబ్బుల మందులను దయచేసి మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఇవి మరణం ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో కొత్త తరం మందులకు, 2008లో పాతవాటికి హెచ్చరిక జారీ చేసింది. లేని మనుషులు కనిపించే లూయీ బాడీ రకం డిమెన్షియాలో హాలోపెరిడాల్ మరీ ప్రమాదకరం. డాక్టరే రాస్తే, ఎన్నాళ్లు వాడాలో, ఎప్పుడు ఆపాలో అప్పుడే అడగండి.

• గందరగోళం ఉన్నట్టుండి పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి ఉన్నాయేమో ముందు పరీక్ష చేయించండి; నోటితో చెప్పుకోలేని బాధ చాలాసార్లు కోపంగా బయటపడుతుంది.

• డిమెన్షియాకు చర్మంపై అతికించే రివాస్టిగ్మిన్ మందు పట్టీ కొత్తది వేసే ముందు వీపు, భుజాలు తడిమి పాతదాన్ని తీసేయండి, ఎందుకంటే రెండూ ఉండిపోతే మోతాదు పెరిగి వాంతులు, తీవ్రమైన నీరసం వస్తాయి. మూడు రోజులకు మించి మానేస్తే, డాక్టరును అడగకుండా పాత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టకూడదు.

• నాడి నెమ్మదిగా కొట్టుకుంటున్నా, ఎప్పుడైనా స్పృహ తప్పి పడినా డిమెన్షియాకు ఇచ్చే డోనెపెజిల్ మాత్ర మొదలుపెట్టకముందే డాక్టరుకు చెప్పాలి. అది గుండె వేగాన్ని ఇంకా తగ్గించగలదు.

• క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న జలుబు మాత్రలు డోనెపెజిల్ పనికి అడ్డుపడి మతిమరుపును పెంచుతాయి కనుక, ఇంట్లోని మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించండి.